సీనియర్ విభాగంలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్

ప్రజాస్వామ్యాన్ని మరింత బలోపేతం చేసే ఉద్దేశంతో, ప్రొద్దుటూరు కుందూ వాణి రేడియోలో ప్రతి సాయంత్రం వచ్చే 'ముఖాముఖి' రాజకీయ చర్చ బాధ్యతలను బండలాగుడు పోటీల వ్యాఖ్యాత జయపాల్‌కు అప్పగించడమైనది. ఈ నిర్ణయాన్ని జిల్లాలోని మేధావులందరూ స్వాగతించారు. ఎద్దుల వైపు నుంచి కూడా ఎటువంటి అభ్యంతరమూ రాలేదు.

అంతకు ముందు ఆ చర్చను కాలేజీ లెక్చరరు ఒకాయన నడిపేవాడు. మనిషి మంచివాడే గానీ ఒక దురలవాటు ఉండేది. ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా ఆగేవాడు. రాకపోతే మళ్ళీ అదే ప్రశ్న అడిగేవాడు. ఇటువంటి మొండితనాన్ని శ్రోతలు మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు? కారం దోసెల అంగళ్ళలో జనం రేడియో చెవి మెలిపెట్టి పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. స్టేషన్ ఇన్‌చార్జి షరీఫ్ సారు పరిస్థితి గమనించి, లెక్చరరుకు శాలువా కప్పి, ఆయన సేవలు మరువలేనివని చెప్పి, మరుసటి రోజు నుంచి మరిచిపోయాడు.

ఇంత చిన్న రేడియోలు రాజకీయాల జోలికి పోరాదని పైనుంచి ఏదో నిబంధన ఉందట. షరీఫ్ సారు చట్టాన్ని గౌరవించే మనిషి. అందుకని 'ముఖాముఖి'ని ఆయన రాజకీయాల కింద చూపలేదు. పశుపోషణ కార్యక్రమాల కింద చూపించాడు. వ్యాఖ్యాత కోసం జయపాల్‌ను వెతుక్కుంటూ పోవడానికి ఇదీ ఒక కారణం.

జయపాల్‌ది సింహాద్రిపురానికి అవతల గువ్వలగుట్టపల్లె. పులివెందులలో బి.ఏ. చదివాడు. చిన్నప్పటి నుంచీ చర్చిలో వాక్యం చదివి చదివి గొంతు సాపయింది. ఆ గొంతు తిరునాళ్ళలో మైకుకు ఎక్కింది. బండలాగుడు సంగతి మన దిక్కు వాళ్ళకు కొత్తగా చెప్పక్కరలేదు. ఎద్దుల జత పెద్ద రాతిబండను గీత నుంచి గీతకు ఈడ్చుకుపోతుంది, మళ్ళీ వెనక్కి ఈడ్చుకొస్తుంది. గడువు ముగిసేలోగా ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ఆ బండ ఎక్కడికి పోవాలి, ఎవరికి పనికొస్తుంది అని అడిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

మైకు పట్టుకుంటే జయపాల్‌ను ఆపడం కష్టం. "వచ్చినాయప్పా వచ్చినాయి, గిట్ట ఎత్తితే గండికోట అదురుతాది, రంకె ఏస్తే మైలవరం డ్యాము గేట్లు వాటికవే లేస్తాయి" అనేవాడు. అంతలో ఆ జత మూడడుగులు నడిచి మోకాళ్ళ మీద కూలబడేది. అయినా ఎవరికీ నష్టం లేదు. పొగిడితే ఎద్దుకు అర్థం కాదు, యజమానికి కడుపు నిండుతుంది, చివర్లో ఎట్లాగూ టేపు పెట్టి కొలుస్తారు. టేపు ఒకటి ఉంది కాబట్టే తన నోటికి అడ్డు లేదని జయపాల్‌కు తెలుసు. రేడియోలో టేపు ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం చేరేముందు అడగడం మరిచిపోయాడు.

ఆయన చేరగానే చర్చ ఒక క్రమశిక్షణలోకి వచ్చింది. ఎద్దులకు పళ్ళను బట్టి విభాగాలు ఉన్నట్టే నాయకులకూ విభాగాలు ఏర్పడ్డాయి. వార్డు మెంబర్లు పాలపళ్ళ విభాగం. మండల నాయకులు నాలుగు పళ్ళ విభాగం. అధికార ప్రతినిధులు సీనియర్ విభాగం. పాలపళ్ళ వాళ్ళు అవతలివాణ్ణి దొంగ, తాగుబోతు వరకు అనవచ్చు. గజదొంగ అనాలంటే నాలుగు పళ్ళు రావాలి. రాక్షసులు, రాబందులు, హిట్లర్లు సీనియర్లకు మాత్రమే. జంతువుల్లో ఎద్దును తిట్టుగా వాడరాదని మాత్రం ఒక కచ్చితమైన నిషేధం ఉండేది. నాయకులతో పోల్చి తమ ఎద్దుల పరువు తీస్తున్నారని యజమానుల సంఘం మొదటి వారంలోనే నిరసన తెలిపింది. షరీఫ్ సారు ఎద్దులకు క్షమాపణ చెప్పాడు.

సీనియర్ విభాగంలో రెండే జతలు. జతలు అనకూడదు గానీ అలవాటయింది. పాలక పక్షం తరఫున ఓబుళేసు, ప్రతిపక్షం తరఫున చెన్నకేశవులు. ఇద్దరిదీ జమ్మలమడుగే. పెట్రోలు దండగెందుకని ఒకే మోటారు సైకిలు మీద వచ్చేవారు. స్టూడియోలో ఒకరి రక్తం ఒకరు తాగుతామని ప్రతిజ్ఞలు చేసి, కిందికి దిగి ఒకే ప్లేటులో కారం దోసె తిని, చీకటి పడకముందే ఇళ్ళు చేరేవారు. ఈ మధ్యలో ఒకసారి ఇద్దరూ పార్టీలు మారారు. ఆ సాయంత్రం ఏం ఇబ్బంది వస్తుందోనని షరీఫ్ సారు కంగారుపడ్డాడు. ఏమీ రాలేదు. కుర్చీలు మార్చుకున్నారు. తిట్లు మార్చుకోవలసిన అవసరం కూడా కలగలేదు. నెల తిరక్కముందే ఇద్దరూ మళ్ళీ పాత పార్టీల్లోకి, పాత కుర్చీల్లోకి వచ్చేశారు.

జనం మురిసిపోయారు. ఊరూరా అరుగుల మీద రేడియోలు పెట్టుకుని, ఈ పొద్దు ఎవరు ఎంత దూరం లాగినారో లెక్కలు వేసుకునేవారు. లక్ష అనే అంకెకు విలువ పడిపోయింది. కోటికి తక్కువైన అన్యాయాన్ని అన్యాయంగా ఒప్పుకునేవారు కాదు. జయపాల్ పక్క చేనుగల వెంకటసుబ్బమ్మ కూడా ఒక్కరోజు వదలకుండా వినేది. ఆమెకు ఒక్కటే అనుమానం. ఒకసారి జయపాల్‌ను ఆపి అడిగింది.

"మామా, ఆ ఇట్లరుది ఏ ఊరు? ఈళ్ళేమో వాడు మీలో ఉండాడంటారు, వాళ్ళేమో మీలోనే ఉండాడంటారు. ఎన్ని పార్టీలు మారినాడప్పా ఆ మనిషి?"

జయపాల్ నవ్వి తన దారిన పోయాడు. తన గొంతు జిల్లాకంతా తెలిసింది. పెళ్ళిళ్ళలో పక్కన నిలబెట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. చర్చిలో పాస్టరు గారు సైతం, సాతానును ఖండించే వాక్యాలు వచ్చినప్పుడు జయపాల్‌నే చదవమంటున్నాడు.

సరిగ్గా అప్పుడు, ఎండలు ముదిరే వేళ, వాళ్ళ ఊరి తూర్పు చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

దాని కిందే జయపాల్ వాళ్ళ చీనీ తోట బోరు, వెంకటసుబ్బమ్మ బోరు. తోట అంటే జయపాల్ పేరున ఉంది గానీ పెంచింది ఆయన భార్య యేసమ్మ. ఆయన తిరునాళ్ళలో తిరుగుతుంటే ఆమె మొక్కలు నాటి, పాదులు తీసి, చంటిబిడ్డలను సాకినట్టు సాకింది. ఈ ఏడే తొలికాపు. నిమ్మకాయలంత బత్తాయి పిందెలు నిండుగా పట్టాయి. ఆ ఎండకు వారం తడి లేకపోతే పిందె రాలుతుంది, ఇంకా ఆలస్యమైతే చెట్టే పోతుంది. యేసమ్మ కరెంటాఫీసుకు పోయింది. రాసుకుంటాం పో అన్నారు. మళ్ళీ పోయింది. రాసుకున్నాం పో అన్నారు. మూడోసారి పోయొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"కాళ్ళు పడిపోయినాయప్పా ఆ ఆఫీసు చుట్టూ తిరిగి. దినామూ మైకు నోట్లో పెట్టుకుంటాండావు గదా, ఒక్క మాట చెప్పరాదా?"

"ఈ పొద్దే చెప్తా మే. జిల్లా అంతా వింటాది."

"జిల్లాతో నాకేం పని? కరెంటోళ్ళు వింటే సాలు."

ఆ సాయంత్రం జయపాల్ ఇద్దరు సీనియర్ల ముందు విషయం పెట్టాడు. మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కాలిపోయింది, చీనీ చెట్లు వాడిపోతున్నాయి, మీరేమంటారు అన్నాడు. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. ఎక్కువ చెప్పే పని వాళ్ళది.

ముందుగా చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, కాలింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, కాలింది రాయలసీమ గుండెకాయ. పెన్నా నుంచి చిత్రావతి దాకా ఈ రోజు ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ బతికి లేదు. కోటి ఎకరాల చీనీ తోటలు ఎడారిగా మారి, రైతన్నలు ఒంటెలను కొనుక్కుంటూ ఉంటే, కరెంటు తీగల మీద వాలిన ఈ రాబందులు మాత్రం పీక్కు తింటున్నాయి."

ఓబుళేసు బల్ల గుద్దాడు. ఆసియా ఖండంలోనే మన జిల్లా ట్రాన్స్‌ఫార్మర్లంత చల్లనివి లేవని, వాటిమీద చెయ్యి పెట్టి వేసవి వేడి పోగొట్టుకునే ముసలివాళ్ళను తాను కళ్ళారా చూశానని చెప్పాడు. కాలిందన్నవాడు గుంటనక్క అన్నాడు. ఒకవేళ కాలి ఉంటే దాన్ని కాల్చింది గత పాలకులే అన్నాడు. అసలు అక్కడ చీనీ చెట్లే లేవని, ఉంటే గింటే అవి ప్రతిపక్షం డబ్బు తీసుకుని ఎండుతున్నాయని తేల్చేశాడు.

జయపాల్ అడ్డుపడి ఉండవలసింది. అడ్డుపడదామనే నోరు తెరిచాడు. కానీ ఎదుట రెండు జతలు అంత ఊపు మీద ఉంటే ఆయన నోటికి తెలిసిన మాట ఒక్కటే. "లాగినాడప్పా లాగినాడు, ఓబుళేసన్న గీత దాటినాడు" అన్నాడు. ఆ పూట వచ్చినన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదని షరీఫ్ సారు మెచ్చుకుని, ఆ అంశాన్ని వారమంతా పొడిగించాడు.

వారంలో ట్రాన్స్‌ఫార్మర్ చాలా ప్రయాణం చేసింది. చెన్నకేశవులు దాన్ని చిలమకూరు దగ్గర కాల్చాడు. పెద్దముడియం దగ్గర అది కాలనే లేదని ఓబుళేసు రుజువు చేశాడు. యేసమ్మ మళ్ళీ కరెంటాఫీసుకు పోతే ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడి ఇంజనీరు రేడియో తగ్గించి, ఎంతో మర్యాదగా వివరించాడు.

"అమ్మా, మీ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు చర్చలో ఉండాది. కాలిందని ఒక పక్షం, కాలలేదని ఇంకో పక్షం. తేలకముందే మేము పోయి మార్చినామనుకో, ఒక పక్షానికి కొమ్ము కాసినట్టయితాది. మేము ప్రభుత్వోద్యోగులం గదమ్మా."

జయపాల్‌కు అప్పుడు టేపు గుర్తుకొచ్చింది. కొలిచేవాడు ఒకడు రావాలి. స్తంభమెక్కి చూసొచ్చిన లైన్‌మన్ జాషువాను బతిమాలి స్టూడియోకు తీసుకొచ్చాడు. జాషువా రెండు ముక్కలే చెప్పాడు. ఎక్కి చూసినాను, కాలింది అన్నాడు. కాలిందన్నందుకు ఓబుళేసు ఆయన్ను కుట్రదారు అన్నాడు. చెన్నకేశవులు ఇంకా ఎక్కువ మండిపడ్డాడు. ఒక్కటే కాలిందని చెప్పడానికి ఎంతకు అమ్ముడుపోయినావని నిలదీశాడు. ఇద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం ఆ కార్యక్రమ చరిత్రలో అదే మొదలు. జాషువా మరునాటి నుంచి సెలవులో ఉన్నాడు.

ఊరివాళ్ళు బాధపడ్డారా అంటే, పడలేదని చెప్పాలి. వెంకటసుబ్బమ్మ రేడియోను తన తోటలోనే, ఆకు రాల్చిన కొమ్మకు తగిలించి వింటోంది. మన ఊరి సంగతి ఇన్ని రోజులు రేడియోలో రావడం మాటలా అని దారిన పోయేవాళ్ళను పిలిచి చెబుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ త్వరగా వచ్చేస్తే ఇంక మన మాట ఎవరెత్తుతారని ఆమెకు కొంచెం దిగులుగా కూడా ఉంది. యేసమ్మ మాత్రం పొద్దున్నే లేచి బిందెలతో మోసి, మొదటి సాలులో చెట్లకు తలా ఇన్ని నీళ్ళు పోసేది. మిగతా సాళ్ళ వైపు చూసేది కాదు.

వారం చివరి సాయంత్రం చర్చ మంచి వేడి మీదుంది. శ్రోతల ఫోను ఒకటి కలిపారు. అవతల ఒక ఆడగొంతు, ఏ తొందరా లేకుండా అంది.

"అప్పా, ఆ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కింద చేను మాది. ఇంగ రెండు మూడు దినాలు సూసి చెట్లు ఇడిసిపెట్టాల్సిందే. మీలో ఎవురిది తప్పయినా నాకు ఒకటే. ఒకటి తెచ్చి పెట్టండి."

జయపాల్‌కు ఆ గొంతు తెలుసు. ఇంట్లో దినామూ వినే గొంతు. అవునమ్మా, ఇది నిజం అంటే సరిపోయేది. కానీ మైకు ముందు కొత్త గొంతు పలికితే ఆయన నాలుక ఆయన మాట వినదు.

"వచ్చిందప్పా వచ్చింది," అని ఎత్తుకున్నాడు, "సీమ ఆడపులి గీత మీదికి వచ్చింది, కన్నెర్రజేస్తే కరెంటు స్తంభాలు కరుగుతాయి, కన్నీరు కారిస్తే కుందూ పొంగుతాది..."

అవతల గొంతు ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగింది.

"ఏమప్పా, నేను యేసమ్మను. వచ్చేటప్పుడు నీళ్ళ ట్యాంకరు దొరికితే ఒకటి పిల్చుకొని రా."

ఫోను పెట్టేసింది. ముందుగా తేరుకున్నది ఓబుళేసు. ఆమె ప్రతిపక్షం తెప్పించిన నాటకాల మనిషి అని, ఆ ఏడుపు రాగం తాను బెంగళూరులో కూడా విన్నానని చెప్పాడు. యేసమ్మ ఏడవలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. ఆమె ఫోను పెట్టెయ్యలేదని, ఎండిన చెట్టును కౌగిలించుకుని ఇప్పుడే, మన చెవుల ముందే, ప్రాణం విడిచిందని గద్గద స్వరంతో ప్రకటించాడు. ఆ వీరమాత ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటించాలని కోరాడు. ఇటువంటి విషయాల్లో పాలక పక్షం వెనకబడదని ఓబుళేసూ లేచాడు. షరీఫ్ సారు అద్దం వెనక నుంచి లెమ్మని సైగ చేశాడు.

జయపాల్ కూడా లేచాడు. బతికున్న తన భార్యకు తల వంచి ఒక నిమిషం మౌనం పాటించాడు.

ఆ పూట ట్యాంకరు దొరకలేదు. ఇల్లు చేరేసరికి యేసమ్మ వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. ఊరివాళ్ళు కొందరు పరామర్శకని వచ్చి, ఆమె బతికే ఉండడం చూసి, కాస్త నిరాశతో వెనక్కి పోతున్నారు. ఒకరిద్దరు దండలు కూడా తెచ్చారు.

"నా పేరున మౌనం పాటించినావంట?" అంది యేసమ్మ.

"అది... కార్యక్రమం మే."

"ఆ నిమిషమే శానా బాగుండె. ఒక్కరూ అబద్ధం చెప్పలే."

అంతే అంది. తిట్టలేదు, అరవలేదు. తిట్టి ఉంటే జయపాల్‌కు ఏం చేయాలో తెలిసేది.

మరుసటి సాయంత్రం ఆయన మైకు ముందు కూర్చుని, సీనియర్లు మొదలుపెట్టకముందే మాట్లాడాడు. పొగడ్త లేదు, ఊపు లేదు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మా ఊర్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఒక్కటే. రెండు తోటలకు నీళ్ళు లేవు. నిన్న ఫోను చేసింది నా భార్య. ఆమె బతికే ఉండాది. చెట్లు బతకాలంటే ఈ రెండు దినాల్లో ఇంకొక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల. ఇంతే సంగతి."

ఓబుళేసు చెన్నకేశవుల వైపు చూశాడు. చెన్నకేశవులు ఓబుళేసు వైపు చూశాడు. ఇందులో పట్టుకుని లాగడానికి ఏమీ దొరక్క ఇద్దరూ నీళ్ళు తాగారు. ఫోన్లు మాత్రం వచ్చాయి. ప్రొద్దుటూరు నుంచి చాంద్‌బీ అనే శ్రోత తన రేడియో చెడిపోయిందేమోనని అడిగింది. జమ్మలమడుగు నుంచి ఒకాయన జయపాలన్నకు జ్వరమా అని ఆరా తీశాడు. పులివెందుల నుంచి ఇంకొకాయన, డబ్బులు తీసుకుని నెమ్మదించినాడని కనిపెట్టేశాడు. ఆ మాటకు నాలుగు పళ్ళ విభాగంలో మంచి మార్కులు పడ్డాయి.

షరీఫ్ సారు జయపాల్‌కు శాలువా కప్పాడు. ఆయన సేవలు కూడా మరువలేనివే. ఆ తర్వాత వ్యాఖ్యాత లేకుండానే చర్చ మునుపటికన్నా బాగా సాగుతోంది. తిరునాళ్ళ వాళ్ళు కూడా ఇప్పుడు బండలాగుడుకు ఓబుళేసును, చెన్నకేశవులను పిలుస్తున్నారు. వాళ్ళు మైకు పట్టుకున్నాక జనం ఎద్దుల వైపు చూడటం మానేశారు. బండ ఎక్కడుందో అక్కడే ఉండటంతో ఎద్దులకూ విశ్రాంతి దొరికింది.

చర్చ ఫలించలేదని మాత్రం ఎవరూ అనరాదు. ప్రజల ఆవేదనకు స్పందించి పైవాళ్ళు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మంజూరు చేశారు. రేడియోలో ఎక్కువసార్లు వినిపించిన పేరు పెద్దముడియం కాబట్టి ఆ దిక్కు ఒక ఊళ్ళో, అంతకుముందే చక్కగా పనిచేస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే, దాన్ని నిలబెట్టారు. ఓబుళేసు, చెన్నకేశవులు ఇద్దరూ పోయి కొబ్బరికాయలు కొట్టారు. తిరిగివచ్చేటప్పుడు ఒకే మోటారు సైకిలు మీద వచ్చారు.

యేసమ్మ తోటలో మొదటి సాలు మాత్రం మిగిలింది. తక్కినవి కొట్టించి ఇటుకల బట్టీకి తోలారు. వెంకటసుబ్బమ్మ తన చెట్లన్నీ కొట్టించింది, రేడియో తగిలించుకోను ఒక మోడు తప్ప.

ఇదంతా చదివి మీరు నవ్వుకునే ఉంటారు. నవ్వుకోవలసిందే. కరెంటు తీగల మీద వాలినవి ఏ పక్షులో మీకు గుర్తుంది. ఎవరు గుంటనక్కో గుర్తుంది. రైతులు కొనుక్కున్న ఒంటెలు కూడా గుర్తున్నాయి. ఇంతకీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిన ఊరి పేరేమిటో చెప్పండి చూద్దాం. వెనక్కి తిప్పి చూడకుండా చెప్పాలి. మొదట్లోనే చెప్పాం, మామూలు గొంతుతో, ఒక్కసారి.